‘మన జిల్లానా?’ అని ఎవరూ అడగలేదు

ఆదివారం రాత్రి తొమ్మిది అయ్యిందంటే మా ఇంట్లో టీవీ బంద్. ల్యాప్‌టాప్ తెచ్చి అన్నం బల్ల మీద పెడతాను. నేనిక్కడ నల్లగొండలో, గడియారం సెంటర్‌కి నాలుగు సందుల అవతల. మిర్యాలగూడ నుంచి బావ వస్తాడు, వనపర్తి నుంచి అక్క, షార్జా నుంచి తమ్ముడు, డాలస్ నుంచి ఇంకో దోస్తు. అక్క అంటే తోడబుట్టింది కాదు, కాలేజీలో మాకు సీనియర్, ఇప్పుడు టీచర్. తమ్ముడు దేవరకొండ పిల్లగాడు, హాస్టల్లో మా గదిలోనే ఉండేవాడు. మాకు రాత్రి తొమ్మిదైతే డాలస్‌లో పొద్దున పదిన్నర, చలికాలమైతే తొమ్మిదిన్నర. వాడు ఇంకా పళ్లు తోముకుంటూనే కూర్చుంటాడు.

2020 లాక్‌డౌన్‌లో పొద్దుపోక మొదలుపెట్టిన ఆట ఇది. అందరూ ఏదో ఒక పేరుతో ఆడే ఉంటారు. ఒకరు ఒక పేరున్న మనిషిని అనుకుంటారు, మిగతావాళ్లు ఇరవై ప్రశ్నల్లో పట్టుకోవాలి. జవాబు అవును, కాదు, అంతే. మాకు ఇంకో రూలుంది. అనుకున్న పేరు కాగితం మీద రాసి, మడిచి, కెమెరా ముందు పెట్టాలి. పట్టుబడేటట్టు ఉంటే మధ్యలో మనిషిని మార్చేస్తున్నారని ఒకసారి పెద్ద గొడవై, అప్పట్నుంచి ఆ కాగితం వచ్చింది.

నాలుగేళ్లకు పైగా ఆడిన ఈ ఆటలో నాకొక సంగతి ఈ మధ్యే కళ్లబడింది. అప్పట్నుంచి అది నన్ను వదలడం లేదు.

చెల్లని పేరు

ఆ రోజు నా వంతు. పాత క్యాలెండర్ కాగితం వెనకాల పేరు రాసి, నాలుగు మడతలు పెట్టి ముందు పెట్టాను. బతికున్నారా? లేరు. మగమనిషా? అవును. సినిమానా? కాదు. తెలుగువారా? అవును. రాజకీయాలా? అవును. ఇక్కడిదాకా బండి బాగానే నడిచింది. ముఖ్యమంత్రా అన్నారు, కాదన్నాను. లోక్‌సభకు గెలిచారా అన్నారు, అవునన్నాను. కాంగ్రెసా? కాదు. అప్పుడు అక్క అడిగింది, “మొదటిసారి గెలిచింది కమ్యూనిస్టు పార్టీ తరఫునా?”

నేను ఒక క్షణం ఆగి, కాదన్నాను. అది నిజమైన జవాబే. ఆ జవాబుతోనే వాళ్ల దారి తప్పింది. అక్కడినుంచి తెలుగుదేశం అన్నారు, జనతా అన్నారు, స్వతంత్ర పార్టీ దాకా పోయారు. ఇరవై అయిపోయాయి. కాగితం విప్పాను.

రావి నారాయణరెడ్డి.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తమ్ముడు, “ఎవరన్నా ఈయన?” అన్నాడు. బావ బిడ్డ ఇంటర్ చదువుతోంది, ఆటలో లేకపోయినా బావ పక్కనే కూర్చుంటుంది. ఆ పిల్ల అప్పటికే ఫోన్‌లో వెతికి చదవడం మొదలుపెట్టింది. భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో పుట్టారు. 1944లో భువనగిరి ఆంధ్రమహాసభకు అధ్యక్షులు. తెలంగాణ సాయుధ పోరాట నాయకులు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడంతో 1952 ఎన్నికల్లో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నల్లగొండ నుంచి నిలబడ్డారు. అక్కడ ఆ పిల్ల ఆగి, “నాన్నా, నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లొచ్చినయట!” అంది.

“అయినా చెల్లదు” అన్నాడు డాలస్‌లో ఉన్నవాడు. “పేరున్న మనిషి అనుకోవాలని గదా రూలు. మనలో ఒక్కరికీ తెలియని మనిషి పేరున్నాయన ఎట్ల అయితడు?” ఓటింగ్ పెట్టారు. నా పక్కన అక్క ఒక్కతే. ఆ రౌండు కొట్టేశారు.

ఆ తర్వాతి రౌండులో ఒక ఇంగ్లీషు వెబ్ సిరీస్‌లోని పాత్ర వచ్చింది. అక్కకు తెలియదు, బావకు తెలియదు, నాకు తెలియదు. అంటే ఐదుగురిలో ముగ్గురికి. అది చెల్లదని ఎవరికీ తోచలేదు. మేం ముగ్గురం, “అయ్యో, మాకు తెలియలేదే” అని తలదించుకున్నాం. నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో మా ఊరి నుంచే గెలిచిన మనిషి తెలియకపోతే తప్పు ఆ మనిషిది, ఎక్కడో అమెరికాలో అల్లిన పాత్ర తెలియకపోతే తప్పు మాది. ఆ రాత్రి పడుకున్నాక కూడా ఈ తేడానే మనసులో తిరిగింది.

సగం సగం కోసే లెక్క

మరునాడు డాలస్ వాడు పొడుగాటి వాయిస్ మెసేజ్ పెట్టాడు. వాడికి లెక్కలంటే ప్రాణం. వాడి మాట కొట్టిపారేసేది కాదు కాబట్టి ఇక్కడ పూర్తిగానే చెప్తాను.

ఈ ఆట కిటుకంతా కోతలో ఉంది. ప్రతి ప్రశ్న మిగిలిన మనుషుల్ని రెండు సమాన ముక్కలు చేయాలి. జవాబు ఏదొచ్చినా సగంమంది ఎగిరిపోవాలి. అట్లా ఇరవైసార్లు సరిగ్గా కోయగలిగితే 10,48,576 మందిలోంచి ఒక్కర్ని పట్టుకోవచ్చు. అందుకే మంచి ఆటగాళ్లు మొదట బతికున్నారా, ఆడా మగా, నిజం మనిషా కల్పితమా అని అడుగుతారు. మొదటి ప్రశ్నకే “సావిత్రా?” అన్నవాడు కోసింది సగం కాదు, ఒక్క గింజ. “మన జిల్లానా అనే ప్రశ్న కూడా అసుంటిదే” అన్నాడు వాడు. “నూరు ఆటల్లో ఒక్కటి గూడ మన జిల్లాది రాదు. గసుంటప్పుడు ఆ ప్రశ్న అడిగినోడు ఒక ప్రశ్న పారేసుకున్నట్టే. తప్పు మాది గాదు, లెక్కది.”

ఆ మాట విన్నాకే నాకు తట్టింది. ఆ రోజు ఇరవై ప్రశ్నల్లో “మన జిల్లానా?” అన్న ప్రశ్నే లేదు. ఆ రోజే కాదు, ఇన్నేళ్లలో ఎవరైనా అడిగిన గుర్తు నాకు లేదు. నేనూ అడగలేదు. ఐదుగురిలో ముగ్గురం పాత నల్లగొండ జిల్లాలో పుట్టినవాళ్లం, డాలస్ వాడిది అచ్చంపేట, అక్కది వనపర్తి. బ్రిటిష్ వాళ్లా అని అడుగుతాం, అమెరికానా అని అడుగుతాం. మేం పుట్టిన నేల మీద వెతకడానికి ఒక్క ప్రశ్న కూడా ఖర్చుపెట్టం, అక్కడ ఎవరూ ఉండరని ముందే అనుకుంటాం కాబట్టి.

వాడి లెక్క తప్పని నేననను. కానీ ఆ లెక్క లోపలికి పోయేది మేం ఎంచుకునే పేర్లే. ఎవరూ ఎంచుకోరు కాబట్టి ఎవరూ అడగరు. ఎవరూ అడగరు, అడిగినా “చెల్లదు” అంటారు కాబట్టి ఎవరూ ఎంచుకోరు. 2007లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అకినేటర్ అనే ఆటలో ఒక భూతం మనం అనుకున్న మనిషిని పట్టేస్తుంది కదా, అది కూడా ఆడినవాళ్ల జవాబుల నుంచే నేర్చుకుంటుంది. జనం ఎవరిని అనుకుంటే దానికి వాళ్లు తెలుస్తారు. మా ఐదుగురి బుర్రలూ అట్లాగే తయారయ్యాయి.

తెలిసీ ఓడిపోయిన రాత్రి

ఇక్కడిదాకా నా వాదన ఒక్కటే, మనవాళ్ల గురించి మనకు తెలియదు అని. రెండు వారాల తర్వాత అది కూడా పూర్తి నిజం కాదని తేలింది. తేల్చింది బావ బిడ్డ.

ఆ రోజు మొదటిసారి ఆ పిల్ల తన వంతు అడిగి తీసుకుంది. నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాసి, మడిచి పెట్టింది. ఆడమనిషి. బతికి లేదు. సినిమా కాదు. రాణి కాదు. అప్పుడు బావ, “ఆయుధం పట్టిందా?” అన్నాడు. అవునంది. సమ్మక్కా అన్నాం, కాదంది. మనం పుట్టినంక గూడ బతికుందా అంటే, అవునంది. షార్జా తమ్ముడు, “ఎన్నికల్లో గెలిచిందా?” అన్నాడు. అవునంది.

“పూలన్ దేవి!” ముగ్గురం ఒకేసారి అరిచాం. ఇంత తొందరగా పట్టేశామని డాలస్ వాడు చప్పట్లు కూడా కొట్టాడు.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఇంకో ఆరు ప్రశ్నలు ఎటెటో పోయాయి. చివరికి కాగితం విప్పి కెమెరాకు దగ్గరగా పెట్టింది. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. మల్లు స్వరాజ్యం.

బావ కుర్చీలోంచి లేచాడు. “అరె! ఈమెను నేను చూసిన. సూర్యాపేటల మీటింగ్ అయితే మా నాయిన తోలుకపోయిండు. ముందు వరసలనే కూసున్నం.” అక్క, “సాయుధ పోరాట దళంలో రాజక్క అనేటోళ్లు” అంది. పట్టిస్తే పదివేలిస్తామని ఆమె తల మీద వెల కట్టిన సంగతి నాకు తెలుసు. తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన సంగతి అక్కకు తెలుసు. 2022 మార్చిలో చనిపోయినప్పుడు మా గ్రూపులోనే తమ్ముడు ఫొటో పెట్టి దండం గుర్తు పెట్టాడు. అందరికీ తెలుసు. డాలస్ వాడికి కూడా తెలుసు.

మిర్యాలగూడ నుంచి పొద్దున బయల్దేరితే టిఫిన్ వేళకు తుంగతుర్తి చేరొచ్చు. మా బుద్ధి చంబల్ లోయ దాకా పోయింది గానీ తుంగతుర్తి దాకా రాలేదు. తన కళ్లతో చూసిన మనిషి బావకు తట్టలేదు. అంటే ఇది ఒట్టి తెలియకపోవడం కాదు. మనలో ‘ఫేమస్’ అని ఒక అర ఉంది, అందులో ఎవర్ని పెట్టాలో ఎవరో ఎప్పుడో చెప్పారు. మన పక్కన నడిచినవాళ్లను అందులో పెట్టుకోవచ్చని మనకు తోచదు. వాళ్లు ఇంకో అరలో, చిన్నప్పటి మాటలు, నాయిన చెప్పిన కథలు ఉండే చోట ఉంటారు. ఆట ఆడేటప్పుడు ఆ అర తెరవం.

నేను తెలుసుకోని మనిషి

అక్క ఒకసారి నాకు ఇంకో పాఠం చెప్పింది. ఆమె అనుకున్న మనిషి మగాడు, లేడు, నిజంగా బతికినవాడు. రాజు కాదు, కవి కాదు, పార్టీ లేదు. నేను, “దొంగా?” అన్నాను.

అక్క జవాబు చెప్పలేదు. చెంపకు చెయ్యి ఆనించుకుని స్క్రీన్ దిక్కు చూస్తూ కూర్చుంది. “అవును గానీ కాదు గానీ అనక్కా” అన్నాడు తమ్ముడు. “అవునని అనలేను, కాదని అనలేను” అంది. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు మాఫీ చేయమంది, చేశాం. చివరికి కాగితం మీద ఉన్న పేరు పండుగ సాయన్న.

ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన మనిషిగా పాలమూరు పాటల్లో బతికున్నవాడు. దోచుకోబడ్డ పటేల్‌ను అడిగితే దొంగ, కూలిని అడిగితే దొర. అవును కాదు అన్న రెండు జవాబుల్లో ఆ మనిషి పట్టడు. అక్క ఆ రోజు గొంతు సవరించుకుని రెండు చరణాలు పాడింది కూడా. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆ కథే పాడతాడని చెప్పింది. 2022లో పద్మశ్రీ వచ్చిన మొగిలయ్య మాకు తెలుసు. ఆయన పాటలో ఉన్న మనిషి తెలియదు.

నిజం ఒప్పుకోవాలి. ఆ పేరు చూడగానే నా నోట్లోకి వచ్చిన మాట “ఈయన ఎవరు? చెల్లదు” అన్నదే. అనలేదు, మింగేశాను. రావి నారాయణరెడ్డి కోసం అంత బాధపడిన నేను, కృష్ణ అవతలి ఒడ్డు కూడా కాదు, పక్క జిల్లా మనిషి దగ్గరకొచ్చేసరికి డాలస్ వాడిలాగే ఆలోచించాను. నల్లగొండ నాకు ఊరు, పాలమూరు నాకు పరాయి. కాబట్టి ఇందులో నేను ఒకరికి బుద్ధి చెప్పే చోట లేను.

బావ మాటలో న్యాయం

బావ రైసుమిల్లులో లెక్కలు చూస్తాడు. కోతల కాలంలో వారం అంతా లారీలు, తేమ శాతం, తూకాలు. ఒకరోజు మెల్లగా, “బావా, ఆదివారం ఒక్క గంట నవ్వుకుందామని కూసుంటం. దాన్ని గూడ పరీక్ష చేస్తవా?” అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఆట ఆటే. దాన్ని చరిత్ర క్లాసు చేస్తే వచ్చే ఆదివారం ఒకరు రారు, ఆ పై ఆదివారం ఇద్దరు రారు.

ఇంకో మాట కూడా అన్నాడు, అది ఇంకా గట్టిది. “తెలియని పేరు రాసి గెలుసుడు గొప్పేంది? నేను మా తాత పేరు రాస్త. లక్ష ప్రశ్నలేసినా దొరకడు.” నిజమే. ఈ ఆటలో నేర్పు అంతా అందరికీ తెలిసిన మనిషిని ఎవరికీ తట్టకుండా దాచడంలో ఉంది. ఎవరికీ తెలియని మనిషిని దాచడానికి నేర్పు అక్కర్లేదు.

మూడో భయం నాది. జిల్లా తలుపు తెరిస్తే లోపలికి ఎవరొస్తారు? చౌరస్తాలో ఫ్లెక్సీ మీద ఉన్న ప్రతి మొహం మా జిల్లా ప్రముఖుడే అని రాసి ఉంటుంది. మా కులపాయన, మీ కులపాయన అని మొదలైతే ఐదుగురి దోస్తీ మీదికే రావచ్చు.

ఈ మూడింటినీ పక్కన పెట్టలేక చాలా రోజులు ఊరుకున్నాను. కానీ ఒక తేడా మాత్రం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. కాగితం విప్పినప్పుడు మొహాలు చూడండి. బావ వాళ్ల తాత పేరు వస్తే, “ఎవరు?” అంటాం, కథ అక్కడితో అయిపోతుంది. మల్లు స్వరాజ్యం పేరు వస్తే, “అరె, ఎట్ల మర్చిపోయినం!” అంటాం. కాంతారావు పేరు ఒకసారి వచ్చింది. కత్తి కాంతారావు అని ఏడో ప్రశ్నకే పట్టేశారు. తర్వాత ఆయనది కోదాడ దగ్గర గుడిబండ అని అక్క అంటే, “మనోడా!” అని నలుగురూ ఒక్కసారే అన్నారు. గోన గన్నారెడ్డి సంగతీ అంతే. రాసినవాడు వర్ధమానపురం పేరెత్తకుండా ఉంటే అందరికీ సినిమాలో అల్లు అర్జునే కనిపించాడు. ఆ వర్ధమానపురం నాగర్‌కర్నూల్ దగ్గరి వడ్డెమానే అని తెలిశాక డాలస్ వాడు, “మా అమ్మమ్మోళ్ల ఊరికి ఆ తొవ్వలనే పోతం గదా” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది ఓడిపోయిన చికాకు కాదు. నాకు కావలసింది ఆ గొంతే. అది వచ్చే పేరు ఏదైనా చెల్లాలి, పట్టుకోలేకపోయినా చెల్లాలి.

354

ఈ గొడవంతా నడుస్తున్నప్పుడు నాకు పదేపదే గుర్తొచ్చింది సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల దగ్గర ఇటిక్యాలపాడు. ఈ మధ్య తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాక అందరికీ మళ్లీ తెలిసింది. తెలంగాణలో కవులు లేరని ఎవరో రాస్తే, ఆయన 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. 354 మంది కవులు.

ఆ సంఖ్య మనకు చిన్నప్పట్నుంచి తెలుసు, పోటీ పరీక్షల బిట్టుగా కూడా చదివాం. కానీ ఆటలో ఓడిపోతున్నప్పుడే దాని బరువు నాకు అర్థమైంది. లేరన్న మనిషి అబద్ధం చెప్పాలని చెప్పి ఉండడు. ఆయనకు తట్టలేదు, అంతే. ఆయన వేసుకున్న ప్రశ్నల్లో ‘గద్వాలలో ఉన్నారా, వనపర్తిలో ఉన్నారా, దేవరకొండ తాలూకాలో ఉన్నారా’ అన్నది లేదు. ప్రతాపరెడ్డి ఉన్నారు ఉన్నారు అని కేకలు వేయలేదు, పేరు పేరునా అడిగి తెప్పించి అచ్చు వేశాడు. వాళ్లంతా మహాకవులా అంటే కాకపోవచ్చు. కానీ ఉన్నారు.

ఎనభై తొంభై ఏళ్ల తర్వాత మేం ఐదుగురం, ఆ పేర్లున్న ఊళ్లలోనే పుట్టి, బయటివాళ్లెవరూ మమ్మల్ని అనకముందే మాకు మేమే లేరని చెప్పుకుంటున్నాం. నన్ను కలుక్కుమనిపించింది ఇదే. పొరుగువాడు తక్కువ చేస్తే కోపం వస్తుంది, కోపంలోంచి 354 పేర్లు వస్తాయి. మనంతట మనమే సున్నా వేసుకుంటే కోపం కూడా రాదు, ఎందుకంటే సున్నా వేసినట్టే తెలియదు.

ఇప్పుడు ఎట్లా ఆడుతున్నాం

కొత్త రూలేమీ పెట్టలేదు. పెడదామని నేనన్నా బావ ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడమే మంచిది. ఒక్కటి మారింది. ఎవరికీ తెలియలేదని రౌండు కొట్టేయడం మానేశాం. కాగితం విప్పాక రాసినవాళ్లు ఆ మనిషి గురించి రెండు నిమిషాలు చెప్పాలి. చెప్పడానికి రెండు నిమిషాల సరుకు లేనివాళ్లు తాత పేరు రాయడం వాళ్లంతట వాళ్లే మానుకుంటారు. బావ నిజంగానే ఒకసారి తాత పేరు రాశాడు, కానీ నాగార్జునసాగర్ డ్యామ్ పనుల్లో ఆ తాత రాళ్లు మోసిన సంగతి రెండు నిమిషాలు కాదు, పావుగంట చెప్పాడు. ఆ రోజు అందరం చెల్లుతుందన్నాం.

జిల్లా అంటే ఏ జిల్లా అన్న పేచీ ఇంకా తెగలేదు. 2016లో జిల్లాలు విడగొట్టాక భువనగిరి ఒక దిక్కు, సూర్యాపేట ఒక దిక్కు. బూర్గుల రామకృష్ణారావు పేరు రాసి కూర్చున్న తమ్ముడు, “మన జిల్లా అనాల్నా వద్దా?” అని మాకే ఫోన్‌లో విడివిడిగా మెసేజ్ పెట్టాడు. బూర్గుల ఊరు అప్పుడు మహబూబ్‌నగర్, ఇప్పుడు రంగారెడ్డి. ఆ మెసేజ్‌తోనే మాకు మనిషి దొరికిపోయాడు.

పోయిన ఆదివారం మళ్లీ తమ్ముడి వంతు. షార్జాలో కరెంటు దీపం వెలుగులో కాగితం మడిచి, ఫోన్‌కు ఆనించి పెట్టాడు. అందరం మామూలుగా బతికున్నారా అనే ప్రశ్నకు సిద్ధమవుతున్నాం. డాలస్ వాడు చేతిలో కాఫీ కప్పు కింద పెట్టి, అందరికన్నా ముందు అడిగాడు.

“మన జిల్లానా?”

“కాదన్నా.”

“ఒక ప్రశ్న పాయె” అన్నాడు బావ.

“పోనీ తీ” అన్నాడు వాడు. “బతికున్నారా?”